విప్పేసిన బొంత

ఆయన పోయాడన్న సంగతి నాకు మదనపల్లె బస్టాండులో తెలిసింది. అప్పటికే పోయి మూడు నెలలయిందట. కురబలకోటలో మా అమ్మను చూసి ఈ ఊళ్లోనే ఉన్న మా ఇంటికి తిరిగి వస్తూ బస్సు దిగుతున్నాను. వెనక నుంచి ఎవరో "టీచరమ్మా" అని పిలిచారు. తిరిగి చూస్తే మునెప్ప. పుంగనూరు గొడ్లాసుపత్రిలో అటెండరుగా ఉండేవాడు. జుట్టంతా నెరిసింది గానీ నవ్వు మాత్రం అదే.

"బాగుండావా మా? పాప బాగుండాదా?" అని అడిగి, నేను జవాబు చెప్పేలోపే, "మన కాంపౌండరప్ప పోయినాడు, తెలుసునా నీకు?" అన్నాడు.

"అయ్యో" అన్నాను. అక్కడితో ఆగిపోయాను. ఎవరైనా పోయారని వింటే ఆ తర్వాత అడగాల్సిన మాటలు నాలుగుంటాయి. ఎప్పుడు, ఎలా, ఇంట్లో వాళ్లు ఎట్లా ఉన్నారు అని. ఒక్కటీ నోటికి రాలేదు. నేను ఏడుస్తానేమోనని మునెప్ప నా మొహంలోకి చూస్తున్నాడు. ఏడుపు రాలేదు. ఆ మనిషి మీద పన్నెండేళ్లుగా నాలో కోపం ఒకటుండేది. అదైనా ఉందా అని లోపల వెతుక్కుంటే అదీ సరిగా దొరకలేదు. ఆయన ఎలాంటివాడో నాకు ఆనాడూ అర్థం కాలేదు. ఇప్పుడు కూర్చుని రాస్తుంటే కూడా అయిందని చెప్పలేను. చూసినదీ విన్నదీ మాత్రం చెప్తాను.

డెబ్బైల్లో నాకు పుంగనూరు స్కూల్లో ఉద్యోగం వచ్చింది. మా ఆయన మదనపల్లె తాలూకాఫీసులో గుమాస్తా. రోజూ బస్సులో వెళ్లి వచ్చేవాడు. ఇల్లు అద్దెకు చూడ్డానికి వెళ్లిన రోజు, ఒకే కప్పు కింద రెండు వాటాలున్న ఇంటి ముందు ఆగాం. ఉమ్మడి వసారాలో గుంజకు ఆనుకుని, కాళ్లు చాపుకుని, ఒక భారీ మనిషి బొంత కుడుతున్నాడు. గుబురు మీసం, ఖాకీ నిక్కరు, పైన బనీను. దర్జీ అనుకున్నాను. ఇంటి యజమాని ఎక్కడుంటారని అడిగితే తల ఎత్తకుండా ఏదో గొణిగాడు. ఒక్క ముక్క అర్థం కాలేదు. పళ్ల మధ్య దారం పట్టుకుని ఉన్నాడు.

లోపలి నుంచి ఆయన భార్య వచ్చింది. చేతిలో మట్టి అంటిన పార. "పక్క వీదిలో ఉంటాడు, పొయ్యి అడగండి అంటాండాడు మా. దారం నోట్లో ఉండంగా మా ఆయప్ప మాట దేవుడికి గూడా తెలీదు" అంది.

ఆయన దర్జీ కాదని, గొడ్లాసుపత్రిలో కాంపౌండరని తర్వాత తెలిసింది. పగలంతా ఆవులకూ ఎద్దులకూ కట్లు కట్టి, మందులు పోసి, సాయంత్రం ఇంటికొచ్చి ఫినాయిలు వాసన పోయేదాకా చేతులు తోముకుని వసారాలో కూర్చునేవాడు. కుట్టేది మామూలు సూదితో కాదు. పశువుల గాయాలకు కుట్లు వేసే వంకర సూదులు అరిగిపోతే పారేస్తారు కదా, వాటిని నీళ్లలో మరగబెట్టి తెచ్చుకునేవాడు. అరటిపండంత లావు వేళ్లు. ఆ వేళ్ల నుంచి బియ్యపు గింజంత కుట్లు వరసగా వచ్చేవి. గుడ్డ కింద గుడ్డ నాలుగైదు పొరలు ఉన్నా వరస వంకర పోయేది కాదు.

బొంతలు కుట్టుకోవడం ఆ వైపు ప్రతి ఇంట్లోనూ ఉన్నదే. కానీ అది ఆడవాళ్ల పని. వీధిన పోయేవాళ్లు నవ్వుకుంటూ పోయేవారు. ఆయన పట్టించుకునేవాడు కాదు. ఆమే వాళ్లకు బదులు చెప్పేది. "మా ఇంట్లో సూదీ దారం ఆయప్పవి, పారా గడ్డపారా నావి. మీకేం నొప్పి?" అనేది. నిజంగానే పెరట్లో వంగా, మిరపా, చిక్కుడూ అన్నీ ఆమె చేతి కష్టమే. వాళ్లకు పిల్లల్లేరు. ఎందుకు లేరని నేను అడగలేదు, వాళ్లు చెప్పలేదు. నేను ఆయన్ని అన్నా అనీ, ఆమెను వదినా అనీ పిలవడం మొదలుపెట్టాను.

ఎండాకాలం వస్తే బొంతలు పక్కనపెట్టి కాగితాల పని పట్టేవాడు. పరీక్షలయ్యాక నా గదిలో పేరుకున్న జవాబు పత్రాలన్నీ అడిగి పట్టుకెళ్లేవాడు. తొట్టిలో రెండు రోజులు నానబెట్టి, మెంతులు కలిపి రోట్లో వేసి దంచి, ఆ గుజ్జును బోర్లించిన కుండ మీద పూత పూసినట్టు మెత్తేవాడు. నాలుగు ఎండలు తగిలాక వేళ్లతో మెల్లగా తడితే కుండ నుంచి బుట్ట విడివడి వచ్చేది. చాటలు, తట్టలు, రాగిపిండి దాచుకునే మూత బుట్టలు. ఒక తట్ట లోపలివైపు గుజ్జు కాకుండా మిగిలిన కాగితం ముక్క మీద నేను ఎర్ర సిరాతో పెట్టిన సున్నా కనిపించింది. "ఈ పిల్లోడు ఎవుడోగాని పనికొచ్చినాడు సూడు" అన్నాడు. నేను ఆయన నోట విన్న హాస్యం అంతవరకే.

ఆసుపత్రిలో రైతులు గొడ్లను పట్టుకుని వరస కట్టి ఉంటే, డాక్టరు వచ్చేలోపు పాత క్యాలెండరు కాగితాలు మడిచి ఆవుల్ని చేసేవాడు. మా పుంగనూరు ఆవులు పొట్టివి, మనిషి నడుము దాకా కూడా రావు. ఈ కాగితం ఆవులు కూడా అలాగే, పొట్టి కాళ్లతో, కిందికి వాలిన వీపుతో ఉండేవి. కిటికీ గూట్లో మందలా నిలబెట్టేవాడు. సాయంత్రం అన్నిటినీ సంచిలో కుక్కి తెచ్చి నీళ్ల పొయ్యిలో వేసేవాడు.

నేను ఉండబట్టలేక అడిగాను. "అంత బాగా చేసి పొయ్యిలో వేస్తావేందన్నా?"

"చేసేది అయిపాయ గదమ్మా" అన్నాడు.

ఆయన ఇచ్చిపుచ్చుకోవడాలు కూడా నాకు అంతుపట్టేవి కావు. వదిన చెల్లెలి కూతురు తన పెళ్లికి బొంత కావాలని బతిమాలితే ఇవ్వలేదు. "నీకు చలి యాడుండాది?" అని తిప్పి పంపాడు. దగ్గరలోని పల్లెలో ఒక పెద్ద రైతు ఉండేవాడు. గొడ్డుకు జబ్బు చేస్తే కబురు పెట్టి పిలిపించుకుంటాడు. కానీ ఈయన కులం చూసి వసారా మెట్టు ఎక్కనివ్వడు, పక్క సందు నుంచి నేరుగా కొట్టంలోకి పొమ్మంటాడు. ఆ రైతు తండ్రి పక్షవాతంతో మంచాన పడితే ఈయన నెలరోజులు కుట్టి బొంత పట్టుకెళ్లి ఇచ్చాడు. అదీ కొట్టం దగ్గర నిలబడే.

ఆ రోజు వదిన అగ్గి మీద గుగ్గిలం అయింది. "మెట్టెక్కనీని కొంపకు బొంత యాలయ్యా? బుద్ధుండాదా?"

ఆయన సూదిలోకి దారం ఎక్కిస్తూ, "నాకేం తెలుసు. చెయ్యి కుడతాంది, నేను సూస్తాండాను" అన్నాడు.

ఈ మాట ఆయన చాలాసార్లు అనేవాడు. అది వినయమో, పొగరో, తప్పించుకోవడమో నాకు తెలిసేది కాదు. నేనూ ఆ పెద్ద రైతు లాంటి ఇంటి నుంచి వచ్చినదాన్నే. మా అమ్మ మా ఇంటికి వచ్చినప్పుడు పక్క వాటాలో కాఫీ తాగేది కాదు. ఆయన చేసిన కాగితం చాట మాత్రం అడిగి మరీ ఊరికి తీసుకెళ్లింది. అప్పుడు ఆయన మా అమ్మకు చాటలో కొంచెం వాముపొడి కూడా పోసి ఇచ్చాడు, "కడుపుబ్బరానికి మంచిదమ్మా" అని. మా అమ్మ ఆ పొడి దారిలో పారబోసిందేమో, నేను అడగలేదు.

నాకు కడుపు అని తెలిసిన నాలుగో నెలలో ఒక సాయంత్రం మా గుమ్మం ముందు నిలబడి, "టీచరమ్మా, కట్టి కట్టి మెత్తబడిన చీరలుంటే ఇయ్యి. కొత్తవి ఒద్దు" అన్నాడు. పసుపుపచ్చ వాయిలు చీర, మా అమ్మ పాత నేత చీర, మా ఆయన పంచె ఇచ్చాను. ఎనిమిదో నెలలో బొంత వచ్చింది. చంటిబిడ్డకు సరిపోయేంత చిన్నది. చేతిలోకి తీసుకుంటే అనుకున్నదానికన్నా బరువుగా, మెత్తగా ఉంది. వదిన గుమ్మంలో నిలబడి చూస్తోంది. ఎప్పుడూ ఏదో ఒకటి అనే మనిషి ఆ రోజు ఏమీ అనలేదు. అది మాత్రం నాకు బాగా గుర్తు.

కాన్పు మదనపల్లెలో. ఆడపిల్ల. ఏడవలేదు. కడుపులోనే పోయిందన్నారు. నాకు చూపించలేదు. మా నాన్న చేతికి ఇచ్చి పంపేశారు. బొంత ఆసుపత్రికి తీసుకెళ్లిన సంచిలోనే ఉండిపోయింది. పుట్టింట్లో నెలరోజులుండి పుంగనూరు వచ్చాను. సంచి విప్పి బొంత తీసి ఒళ్లో పెట్టుకున్నాను. అప్పటి నుంచి దాన్ని కింద పెట్టలేదు. స్కూలుకు ఇంకా సెలవే. మా ఆయన వండి పెట్టి ఆఫీసుకు వెళ్లేవాడు. తిరిగి వచ్చేసరికి కంచం అలాగే ఉండేది. నేను ఏడవలేదు. ఏడవలేదని అందరూ భయపడ్డారని తర్వాత చెప్పారు. నాకు బొంత మడత పెట్టడం, విప్పడం, మళ్లీ మడత పెట్టడం తప్ప వేరే పని గుర్తుండేది కాదు.

మూడో రోజో నాలుగో రోజో, ఆయన వచ్చాడు. ఎప్పుడూ మా గడప దాటి లోపలికి రాని మనిషి గదిలోకి వచ్చి నిలబడ్డాడు.

"ఆ బొంత ఇయ్యి మా" అన్నాడు.

ఉతకడానికేమో అనుకున్నాను. "బాగానే ఉంది అన్నా" అన్నాను.

"ఇయ్యి" అన్నాడు మళ్లీ. చెయ్యి చాచే ఉంది.

ఇచ్చిన వస్తువు తిరిగి అడిగే మనిషిని నేను అంతవరకు చూడలేదు. అందులోనూ ఆ సమయంలో. చేతిలో పెట్టేశాను. ఓదార్పుగానైనా, జాలిగానైనా ఒక్క మాట అనకుండా పట్టుకెళ్లిపోయాడు.

కాసేపటికి కిటికీలోంచి చూస్తే వసారాలో కూర్చుని దాన్ని విప్పుతున్నాడు. సగానికి విరిచిన షేవింగు బ్లేడుతో ఒక్కొక్క కుట్టూ తెంపకుండా లేపి, దారం బయటికి లాగి, అగ్గిపెట్టెకు చుడుతున్నాడు.  ఆ మనిషిని అంతగా అసహ్యించుకున్నది ఎప్పుడూ లేదు. ఆ సాయంత్రం అంతా కిటికీ దగ్గరే నిలబడి చూశాను. మర్నాడు సాయంత్రం ఆసుపత్రి నుంచి వచ్చి చేతులు కడుక్కుని మళ్లీ అదే పని. నా పసుపుపచ్చ చీర ముక్క ఊడి వచ్చింది. దాన్ని చదును చేసి తొడ మీద పెట్టుకున్నాడు. అప్పుడు తలుపు తీసుకుని బయటికి వచ్చాను. ఊరి నుంచి వచ్చాక వెలుతుర్లోకి రావడం అదే మొదలు.

"యాల ఇప్పేస్తాండావు? అది నాది" అన్నాను. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది.

"నీదే మా. కాదన్నదెవురు? కూచో" అన్నాడు.

కూర్చోలేదు. ఆయన బ్లేడు ముక్క నా వైపు చాచాడు. "ఈ వరస నువ్వు ఇప్పు. దారం తెగగూడదు. గుడ్డను కొయ్యగాకు."

ఎందుకు తీసుకున్నానో చెప్పలేను. తీసుకుని గుంజకు అవతలి వైపు కూర్చున్నాను. మొదటి కుట్టే తెంపేశాను. "నిదానం" అన్నాడు. అలా నాలుగు సాయంత్రాలు కూర్చున్నాం. ఆయన ఆ చివర, నేను ఈ చివర. మాటలు చాలా తక్కువ. ఎవరిదో ఎనుము ఈనలేక అవస్థ పడుతోందని చెప్పాడు. పలమనేరు దారం కన్నా మదనపల్లె దారం గట్టిదని చెప్పాడు. మిగతావన్నీ పళ్ల మధ్య దారంతో అన్నవి, నాకు తెలియలేదు.

మూడో సాయంత్రం అనుకుంటాను, మా అమ్మ నేత చీర ముక్క ఊడి నా చేతిలోకి వచ్చింది. ఏమైందో తెలియదు, ఏడుపు వచ్చేసింది. ఆపుకోవడానికి వీల్లేని ఏడుపు. వీధిలో పోయేవాళ్లు నిలబడి చూసేంత. వదిన లోపలి నుంచి పరుగెత్తుకుని వచ్చి నన్ను పట్టుకుంది. ఆయన తల ఎత్తలేదు.

"తడి కానియ్యగాకు మా. దారం తడిస్తే ముడి పడతాది" అన్నాడు.

వదిన ఆయన్ని తిట్టిన తిట్లు ఇక్కడ రాయలేను.

నాలుగో రోజుకు బొంత అంతా గుడ్డ ముక్కలయింది. సైజు ప్రకారం మడత పెట్టి, దారం చుట్టిన అగ్గిపెట్టెలతో సహా లోపలికి తీసుకెళ్లాడు. నాకు ఒక్క ముక్క కూడా ఇవ్వలేదు. ఆ రాత్రి అన్నం తిన్నాను. మరుసటి వారం స్కూలుకు వెళ్లాను.

మా ఆయన చెప్పిన అర్థం ఇది. "నిన్ను గదిలోంచి బయటికి లాగడానికే అలా చేశాడు. పెద్ద మనసున్నవాడు." నేను కూడా అలాగే నమ్మాలనుకున్నాను. కొన్నాళ్లు నమ్మాను. కానీ రెండేళ్లకు నాకు మళ్లీ ఆడపిల్ల పుట్టింది. బతికింది. వీధి వీధంతా వచ్చి చూసింది. పక్క వాటాలో ఉన్న ఆయన మూడు నెలలు మా గుమ్మం వైపు రాలేదు. పాపను ఎత్తుకుని నేను వసారాలోకి వస్తే లేచి లోపలికి వెళ్లిపోయేవాడు. వీధిలో ఎవరి ఇంట్లో పిల్ల పుట్టినా బొంతో, కాగితం గిలక్కాయో ఇచ్చే మనిషి, నా కూతురికి ఒక్క కాగితం ముక్క మడిచి ఇవ్వలేదు. ఆ తర్వాత ఆయనకు కుప్పం బదిలీ అయింది. సామాన్లు లారీ ఎక్కిస్తున్న రోజు నేను స్కూల్లో ఉన్నాను. వదిన వచ్చి కళ్లనీళ్లతో చెప్పి వెళ్లింది. ఆయన రాలేదు. పెద్ద మనసున్నవాడు ఇలా చేస్తాడా? నా కోపం అక్కడ మొదలైంది.

బస్టాండులో మునెప్ప ముందు నాకు ఇదంతా గుర్తుకొచ్చింది. ఏదో ఒకటి అనాలి కదా అని, "నాకొక బొంత కుట్టి ఇచ్చి మళ్లీ విప్పేశాడు మునెప్పా, ఎందుకో ఇప్పటికీ తెలీదు" అన్నాను.

మునెప్ప నవ్వాడు. "ఆ బొంతా? నాకు తెలీకపోతే ఎవురికి తెలుస్తాది? ఆ వారమే మా ఆసుపత్రిలో ఒక పెయ్య నెలలు నిండకముందే పుట్టె. కుక్కపిల్లంత ఉండె. చలికి వణకతా ఉంటే ఆ గుడ్డలన్నీ దానికి సుట్టినాడు. ఒగ తెల్ల పంచె, ఒగ పసుపుపచ్చ గుడ్డ. నేనే గదా పాలు తాపింది."

"బతికిందా?"

"బతికె. ఆ పెయ్య ఈనిన దూడలు ఇంగా ఉండాయి ఆ ఊర్లో."

ఆనందపడాలో, అవమానపడాలో తెలియలేదు. నా బిడ్డ బొంతను ఆవుదూడ కోసం అడిగి తీసుకున్నాడా? అలాగైతే నాతో నాలుగు సాయంత్రాలు ఎందుకు విప్పించాడు? దూడకు చలేస్తుంటే బొంతనే బొంతలాగా కప్పేవాడు కదా, దారం తెగకుండా విప్పడం దేనికి? మునెప్పను అడిగితే, "అది నాకేం తెలుసమ్మా" అని బస్సెక్కాడు.

ఆ ఆదివారమే కుప్పం వెళ్లాను. పుంగనూరు, పలమనేరు, వి.కోట మీదుగా బస్సు ఊగుతూ పోయింది. దారి పొడుగునా వదినకు ఏం చెప్పాలో అనుకుంటూ ఒక మాటా తేల్చుకోలేకపోయాను. పరామర్శకు పోతున్నానా, తగాదాకు పోతున్నానా?

రైల్వే స్టేషను వెనక వీధిలో ఇల్లు. నన్ను చూడగానే వదిన గుర్తుపట్టింది. చిక్కిపోయింది. పెరట్లో కూరగాయలు మాత్రం పచ్చగా ఉన్నాయి. రామకుప్పంలో వాళ్ల తమ్ముడి రాగి కయ్యను ఏనుగులు తొక్కేశాయని, ఆ బాధలో ఉండగానే ఈయన జ్వరంతో పడుకుని వారానికే పోయాడని చెప్పింది. కాఫీ పెట్టి ఇచ్చింది. తాగాను. తర్వాత మునెప్ప చెప్పినదంతా చెప్పాను.

"పెయ్యకు సుట్టింది నిజమే" అంది ఆమె. "కానీ ఇప్పింది దానికి కాదు మా."

కొంగు సరిచేసుకుని, నా మొహం చూడకుండా చెప్పింది.

"మాకు పెండ్లయిన రెండో ఏడు ఒగ బిడ్డ. ఆడబిడ్డే. కానుపులోనే పాయ. ఆ బిడ్డకని ఆయప్ప ముందే కుట్టి పెట్టిన బొంత ఒగటుండె. పన్నెండేండ్లు పెట్టె అడుగున పెట్టుకోనుండె. నీకు కడుపు అని తెలిసినాంక దాన్నే తీసి, పైనా కిందా మీ గుడ్డలేసి కుట్టె. నేను ఒద్దంటిని. సెప్పి సెప్పి నోరు నొప్పి పుట్టె. 'మంచి గుడ్డ, ఊరికే పడుండాది, ఎవురికన్నా కప్పనీ' అనె. నీ బిడ్డ గూడా అట్ల అయ్యేసరికి మనిసి సగమైపాయ. ఇంగొగ బిడ్డ మీదికి పోగూడదని ఇప్పేసినాడు."

నేను కప్పు కింద పెట్టాను. బొంత అంత బరువు ఎందుకుందో, విప్పేటప్పుడు లోపల నావి కాని గుడ్డలు ఎందుకు వచ్చాయో, ఆ రోజు గుమ్మంలో వదిన ఎందుకు మాట్లాడలేదో, నా కూతురి దగ్గరికి ఆయన ఎందుకు రాలేదో ఒకేసారి తెలిశాయి. తెలిసి ఏం లాభం? చదువు చెప్పే మనిషిని, బొంత వల్ల బిడ్డలు పోరని నాకు తెలుసు. అయినా చచ్చిపోయిన బిడ్డది నా బిడ్డకు ఎలా ఇచ్చాడు అని కోపం వచ్చింది. పన్నెండేళ్లు దాచుకున్నది నా బిడ్డకు ఇచ్చాడే అని జాలీ వేసింది. రెండూ ఒక్కసారే వస్తే మనిషి ఏం చెయ్యాలి? 

వదినే మళ్లీ మాట్లాడింది. "నువ్వొస్తే ఒగటి అడగాలని శానా దినాలుగా అనుకుంటా ఉండాను. ఆ నాలుగు దినాలు వసారాలో ఇద్దురూ కూచోని ఇప్పినారే. నేను లోపల సంగటి కెలకతా సూస్తా ఉంటిని. ఆయప్ప నీతో ఏమన్నా అన్నాడా, మా బిడ్డ గురించి? నాతో మటుకు ఒగ్గ మాట అనలేదు మా. బిడ్డ పోయిన దినం నుంచీ ఆయప్ప పొయ్యేదాకా, ఒగ్గటంటే ఒగ్గటి. నేను ఎత్తితే సూది తీసుకోని కూచునేటోడు."

ఎనుము గురించీ, దారం గురించీ తప్ప ఆయన నాతో ఏమీ అనలేదు. ఆ మాటే చెప్పాల్సింది. ఆమె కళ్లు చూసి చెప్పలేకపోయాను.

"అన్నాడు వదినా" అన్నాను.

ఆమె ముందుకు వంగింది. "ఏమనె?"

"ఉండి ఉంటే ఈపాటికి నీ క్లాసులో కూచోని సదవతా ఉండును అన్నాడు."

వదిన పెదవులు కదిపి ఆ మాట తనలో తాను అనుకుంటున్నట్టుంది. స్టేషనులో రైలు ఏదో వచ్చి ఆగిన చప్పుడు, వెళ్లిన చప్పుడు వినిపించాయి.

"పేరేమన్నా చెప్పినాడా?" అంది.

అబద్ధం ఒకసారి మొదలైతే ఆగదు. "ఏదో పేరు అన్నట్టే ఉంది వదినా. ఇన్నేళ్లయింది కదా, గుర్తు రావడం లేదు" అన్నాను. అది అంటే ఇక అడగదనుకున్నాను.

ఆమె నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. "మేము పేరు పెట్టనే లేదు మా. పెట్టేదానికి ముందే పాయ గదా. అయితే ఆయప్ప ఒగడే పెట్టుకోనుండాడు. నాకు చెప్పకుండా లోపల్లోపలే పిలుసుకున్నాడు." ఏడుస్తోంది, నవ్వుతోంది. "గుర్తు తెచ్చుకో తల్లీ. తొందర్లేదు. ఎప్పుడు గుర్తొస్తే అప్పుడు ఒగ కార్డు ముక్క రాయి. పక్కింటి పిల్లతో సదివించుకుంటా."

బస్టాండు దాకా వచ్చి సాగనంపింది. బస్సు కదిలాక కూడా చెయ్యి ఊపుతూ, "మర్సిపోగాకు" అంది.

తిరుగు ప్రయాణం అంతా నన్ను నేను తిట్టుకున్నాను. ఉన్న లోటు తీర్చబోయి కొత్త లోటు పెట్టి వచ్చాను. నిజం రాసేద్దామని కార్డు కొన్నాను. రాయలేక అలమరలో పెట్టాను. నెల గడిచింది. మా ఆయనకు చెబితే, "రాయకు, ఆమే మరిచిపోతుంది" అన్నాడు. ఆమె మరిచిపోదని నాకు తెలుసు. ప్రతి రోజూ పోస్టుమ్యాను వచ్చే వేళకు ఆమె గుమ్మంలో నిలబడి ఉంటుందని అనిపించేది. ఏదో ఒక పేరు రాసేస్తే పోతుందని కూర్చుంటే ఏ పేరూ నిలబడలేదు. లక్ష్మి అని రాస్తే వట్టి అబద్ధంలా కనపడింది. గంగమ్మ అని రాస్తే అదీ అంతే.

నా మొదటి బిడ్డకు మేము ఒక పేరు అనుకుని ఉన్నాం. ఆడపిల్ల అయితే ఇది అని. నాకూ మా ఆయనకూ తప్ప ఎవరికీ తెలియదు. ఆ పేరుతో ఎవరినీ పిలవలేదు. రెండో కూతురికి పెట్టడానికి మనసొప్పలేదు. ఒక పొద్దున స్కూలుకు బయలుదేరుతూ, చెప్పులు వేసుకున్నదాన్ని వెనక్కి వచ్చి, కార్డు తీసి ఆ పేరు రాశాను. "గుర్తొచ్చింది వదినా, ఇదే" అని కింద రాసి, మళ్లీ ఆలోచన రాకముందే డబ్బాలో వేశాను.

చేసింది తప్పో ఒప్పో తెలియక పది రోజులు సరిగా నిద్రపట్టలేదు. ఆయన పేరు మీద అబద్ధం ఆడాను. నా బిడ్డకున్న ఒక్క వస్తువునూ ఇచ్చేశాను. 

పదకొండో రోజు కుప్పం నుంచి కార్డు వచ్చింది. పక్కింటి పిల్ల రాతలో, గుండ్రటి అక్షరాలతో, నాలుగే వాక్యాలు.

"టీచరమ్మా, కార్డు అందినాది. పేరు శానా బాగుండాది. ఆయప్పకు పేరు పెట్టే తెలివి గూడా ఉండాదని నేను అనుకోలేదు. ఇప్పుడు పొద్దున్నే లేస్తానే ఆ పేరు పెట్టి ఒగసారి పిలుస్తాండాను."